కాఫీ నీడలో అడవి: మన్యము నేర్పిన పాఠము, పల్నాటి ప్రశ్న

ఒకనాడు తరగతిలో భూసారము కొట్టుకొనిపోవుటను గూర్చి చెప్పుచుండగా, మాచర్ల వైపు గ్రామమునుండి వచ్చి చదువుకొనుచున్న విద్యార్థి యొకడు లేచి, "అరకులో బోడికొండలకు కాఫీ వేసి మరల అడవి చేసినారట గదా సార్, మా కొండలకు ఎందుకు వేయరాదు?" అని అడిగినాడు. తరగతి అంతయు నవ్వినది. రెంటచింతల ఎండలో కాఫీ మొక్కయా అని వెనుక బల్లపైనుండి ఒకరు అననే అన్నారు. మాకు మాత్రము నవ్వు రాలేదు. ప్రశ్నలో మొక్క పేరు పొరపాటు కావచ్చునుగాని, ప్రశ్న పొరపాటు కాదు. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతముల కొండవాలులను చూచినవారికి ఆ బాలుని ఆవేదన తెలియును. ఆ ప్రశ్నకు తరగతిలో అరగంటలో చెప్పలేకపోయిన జవాబునే ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా కాఫీ కథ కొంత చెప్పవలసియున్నది. మన కళాశాలలో ఉర్దూ చదువువారికి "ఖహ్వా" అను మాట క్రొత్తది కాదు. అరబ్బీ భాషలోని ఆ మాటయే దేశదేశములు తిరిగి "కాఫీ" అయినది. మొక్క పుట్టినిల్లు ఇథియోపియా ఎత్తు ప్రదేశముల అడవి. అక్కడ అది పెద్ద చెట్ల నీడలో పెరుగు చిన్నచెట్టు. ఈ సంగతిని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు విషయమంతయు దీనిమీదనే నిలిచియున్నది. 15వ శతాబ్దములో యెమెన్ దేశపు సూఫీలు రాత్రి ధ్యానములో నిద్ర రాకుండుటకై దీనిని సేవించిరి. మోఖా రేవునుండి అది లోకమునకు ఎగుమతి అయినది. 17వ శతాబ్దములో బాబా బుడన్ అను సూఫీ మహనీయుడు హజ్ యాత్రనుండి మరలి వచ్చుచు ఏడు గింజలను తెచ్చి, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. గింజలు ఏడా, పదియా అని మేము వాదించము. ఆ కొండలను నేటికిని బాబా బుడన్‌గిరి అనియే పిలుచుచున్నారు.

అయితే కాఫీ ఎక్కడికి పోయినను అడవిని పెంచినదని ఎవరైనను అనుకొన్నచో అది పొరపాటు. 19వ శతాబ్దములో ఆంగ్ల తోటల యజమానులు సింహళములో కొండలకు కొండలు నరికి, ఎండలోనే కాఫీ వేసినారు. ఒకే పంట, ఒకే జాతి, మైళ్ళ కొలది. 1869లో ఆకులపై కుంకుమరంగు మచ్చలు కనిపించినవి. అది ఆకుత్రుప్పు తెగులు. కొన్నేండ్లలో అక్కడి కాఫీ పరిశ్రమ కూలిపోయి, ఆ నేలలోనే తేయాకు వచ్చినది. అదే మొక్క ఒకచోట అడవిని మింగినది, మరియొకచోట అడవిని తిరిగి తెచ్చుటకు సాయపడినది. భేదము మొక్కలో లేదు. నేల ఎవరిది, చెట్టు ఎవరిది, పండు సొమ్ము ఎవరిది అను మూడు ప్రశ్నలలో ఉన్నది.

విశాఖ మన్యము, అనగా నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతములు, తూర్పు కనుమలలో సుమారు 900 మీటర్లు, అంతకు మించిన ఎత్తున ఉన్నవి. చిత్రమేమనగా ఆ జిల్లాయు, మన పల్నాడు జిల్లాయు ఒకేరోజున, 2022 ఏప్రిల్ 4న ఏర్పడినవి. అక్కడి గిరిజనులకు తరతరాలుగా పోడు వ్యవసాయమే ఆధారము. ఎండకాలమునకు ముందు కొండవాలున చెట్లు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, తొలకరిలో ఆ బూడిదపై సామ, చోడి, కంది చల్లుదురు. రెండు మూడేండ్లకు సారము తగ్గగానే ఆ చెలకను వదలి మరియొక చోటికి పోవుదురు. జనము తక్కువ, అడవి ఎక్కువ ఉన్నంతకాలము ఇది అంత చెడ్డ పద్ధతి కాదు. వదలిన చోట పది పదిహేనేండ్లలో అడవి మరల లేచెడిది. జనము పెరిగి, అడవి సరిహద్దులు గీయబడిన పిమ్మట అదే చెలకకు మూడేండ్లకో నాలుగేండ్లకో తిరిగి రావలసివచ్చినది. మొదళ్ళు చిగిర్చుటకు వ్యవధి లేదు. వాన పడినప్పుడెల్ల మన్ను దిగువకు పోయినది. కొండ తెల్లబడినది.

ప్రభుత్వము తోచిన ఉపాయమొక్కటే చేసినది: నిషేధము. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము పోడును అడ్డుకొన్నది. గిరిజనుడు తన కొండమీదనే దొంగ అయినాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన పితూరీకి ఈ అటవీ ఆంక్షలు ముఖ్యకారణములలో ఒకటి. మన పల్నాటి విద్యార్థులకు ఆ సంవత్సరము మరియొక విధమున గుర్తుండవలెను. ఆ 1922లోనే మించాలపాడు వీరుడు కన్నెగంటి హనుమంతు పుల్లరి నిరాకరించి తుపాకి గుండ్లకు బలి అయినాడు. పుల్లరి అనగా అడవిలో పశువులను మేపుకొన్నందుకు కట్టవలసిన పన్ను. ఒకే యేడాది, రెండు కొండప్రాంతములు, ఒకే వేదన: అడవి మాది కాదని చెప్పిరి గనుక. తనది కాని అడవిని ఎవడును కాపాడడు. ఎనుబది తొంబది యేండ్ల నిషేధము ఈ సత్యమును మార్చలేకపోయినది.

ఇక కాఫీ. తూర్పు గోదావరి మన్యములోని పాములేరు లోయలో 1898 ప్రాంతమున ఒక ఆంగ్లేయుడు కాఫీ నాటినాడని చెప్పుదురు; అది అక్కడక్కడ మిగిలిన ముచ్చట మాత్రమే. అసలు ప్రయత్నము 1960 దశకములో ప్రారంభమైనది. అటవీశాఖ రిజర్వు అడవిలో కాఫీ తోటలు వేసినది. తరువాత అవి అటవీ అభివృద్ధి సంస్థ చేతికి పోయినవి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మరియొక దారిని పట్టి, గిరిజనుల చేతనే వారి భూములలో కాఫీ వేయించుటకు పూనుకొన్నది. కాఫీ బోర్డువారు చింతపల్లి వైపున ఆర్.వి. నగర్‌లో పరిశోధనా కేంద్రము పెట్టినారు. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఆ పని తరువాతి దశకములలో విస్తరింపజేసినది.

ఈ రెండు దారుల మధ్య భేదమును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. మొదటి దానిలో తోట సంస్థది, గిరిజనుడు కూలి. రెండవ దానిలో ఎకరమో రెండెకరములో కుటుంబమునకు సొంతము. మొదటి తోటలలోను మంచి చెట్లు పెరిగినవి, పంట వచ్చినది, కాదనము. కాని కూలికి పోయినవాడు సాయంత్రము ఇంటికి వచ్చి తన పోడును కాల్చుకొనుటకు ఆ తోట అడ్డు రాలేదు. రెండవ దారిలో మార్పు ఇంటిలోనికే వచ్చినది.

అది ఎట్లు వచ్చెనో చెప్పుట ఈ వ్యాసములోని ముఖ్యభాగము. పోడు చేసి వదలిన వాలును మొదటి యేడు కాఫీకి ఇయ్యరు. ముందు నీడచెట్లు నాటుదురు. ఎక్కువచోట్ల సిల్వర్ ఓక్. ఇది ఆస్ట్రేలియా చెట్టు, నిటారుగా త్వరగా పెరుగును. అడవిచెట్లు కొన్ని మిగిలియున్నచో వాటిని అట్లే ఉంచుదురు. రెండు మూడేండ్లకు నీడ పలుచగా పరచుకొన్న పిమ్మట, నర్సరీలో సంచులలో పెంచిన కాఫీ మొక్కలను వాలుకు అడ్డముగా వరుసలలో గుంతలు తీసి నాటుదురు. మొక్కకు మొక్కకు ఆరేడు అడుగుల ఎడము. కాపు పట్టుటకు ఇంకను మూడు నాలుగేండ్లు. అనగా మొదటి నీడచెట్టు నాటిననాటినుండి చేతికి కాసు రావలెనన్న ఆరేడేండ్లు వేచియుండవలెను.

రెక్కాడినగాని డొక్కాడని కుటుంబము ఆరేండ్లు ఎట్లు వేచియుండును? ఈ చిక్కును విప్పనిదే ఏ అడవి పథకమును నిలువదు. నీడ ముదురక ముందు వరుసల మధ్య చోడి, కంది వేసికొనుటకు అనుమతించినారు. గుంతలు తీసిన పనికి కూలి ఇచ్చినారు. 2005 ఉపాధి హామీ చట్టము వచ్చిన తరువాత ఈ పని సులువైనది. నీడచెట్లకు మిరియపు తీగ ప్రాకించినారు. కాఫీ దెబ్బతిన్న యేడు మిరియము ఇంటిని గట్టెక్కించును. పనస, మామిడి, నారింజ వంటి పండ్లచెట్లు కూడ తోటలోనికి వచ్చినవి.

కాపు పట్టిన తరువాత జరుగు సంగతి గమనింపదగినది. మార్చి, ఏప్రిల్ నెలలలో ఒక వాన పడగానే తోట అంతయు మల్లెవలె తెల్లగా పూయును. ఆ పూత నిలువవలెనన్న రెండు మూడు వారములకు మరియొక వాన కావలెను. పోడు కాల్చు కాలమును సరిగా ఇదియే! ప్రక్క వాలున ఎవడైనను నిప్పు పెట్టినచో ఈ తోట మాడిపోవును. కాబట్టి ఒక ఊరిలో పది ఇండ్లకు కాఫీ పడినదనగా, పదకొండవ ఇంటివాని నిప్పునకు ఆ పది ఇండ్లవారును కాపలాదారులైనారు. అటవీ గార్డు చేయలేని పనిని పూత చేసినది. ఇక నీడ లేనిదే అరబికా బ్రతుకదు. ఎండ తగిలిన కాండమునకు తెల్లకాండపు తొలుచు పురుగు పట్టి చెట్టునే చంపును. అందుచేత నీడచెట్టును కొట్టుట అనగా తన కంచములో తానే మన్ను పోసికొనుట. రాలిన ఆకు కుళ్ళి నేలకు దుప్పటియైనది. ఆ దుప్పటి క్రింద వాననీరు పరుగెత్తక ఇంకినది. కొండ మీది మన్ను కొండ మీదనే నిలిచినది.

అయితే పండును కాచినంత మాత్రమున సొమ్ము రాదు. చాలకాలము గిరిజనుడు పచ్చివి, పండినవి కలిపి దూసి, ఇంటి ముంగిట మన్నులో ఎండబెట్టి, వారపు సంతలో షావుకారు చెప్పిన ధరకు పోసి వచ్చెడివాడు. అప్పుకు ముందే పంట తాకట్టు. ఈ కట్టు తెగినదే సామూహిక యత్నమువలన. గిరిజన సహకార సంస్థ నేరుగా కొనుగోలు చేయసాగినది. 2000 సంవత్సరము తరువాత నాంది ఫౌండేషన్ అను స్వచ్ఛంద సంస్థ అరకు ప్రాంతమున రైతులను సంఘములుగా కూర్చి, పరస్పర సహాయ సహకార సంఘము ఏర్పడుటకు తోడ్పడినది. ఎర్రగా పండిన పండును మాత్రమే, ఒక్కొక్కటిగా కోయుట నేర్పినారు. అదేరోజు పండ్లను ఊరినుండి సేకరించి, యంత్రముతో తోలు తీసి, పులియబెట్టి, కడిగి, ఎత్తుబల్లలపై ఎండబెట్టు ఏర్పాటు చేసినారు. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో శుద్ధమైన గింజ వచ్చును. రుచి చూచువారు గింజలను వేయించి, కషాయము తీసి, చెంచాతో జుర్రి మార్కులు వేయుదురు. మన పరీక్షల వంటిదే. మార్కును బట్టి ధర. 2017లో పారిస్ నగరములో అరకు పేరిట కాఫీ దుకాణము తెరచినారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ మన్యములో కాఫీ నేడు లక్ష ఎకరములకు పైబడి ఉన్నది. నేలలోను చెట్లలోను నిలిచిన బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి విదేశీ సంస్థలు ధనమిచ్చు లైవ్లీహుడ్స్ నిధి కూడ 2010 తరువాత అక్కడ ప్రవేశించి, కాఫీ, పండ్ల, అడవి జాతుల మొక్కలను లక్షల సంఖ్యలో నాటించినది.

ఇంతవరకు వెలుగు చెప్పితిమి, నీడయు కలదు. సిల్వర్ ఓక్ ఒక్కటే నిండిన వాలును అడవి అనుటకు మాకు మనసొప్పదు. పక్షికి, తేనెటీగకు, మందుమొక్క వెదకు ముసలమ్మకు అది అడవి కాదు. చెట్ల వరుస మాత్రమే. నేల కొట్టుకొనిపోక నిలిచినది, నిజమే. అడవి తిరిగి వచ్చినదనుటకు ఇంకను దూరమున్నది. స్థానిక జాతులను కలిపిన తోటలే ఆ దూరమును తగ్గించగలవు. ఒకే పంటపై ఆధారపడుటలోని ప్రమాదము కూడ లేకపోలేదు. కర్ణాటక, కేరళలలో 1990 దశకమునుండియే ఉన్న కాయతొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతమున కనిపించినది. పురుగు సోకిన తోటలలో కాయలను పూర్తిగా కోసి నాశనము చేయవలసివచ్చినది. సింహళపు కథను మరువరాదని మేము పైన వ్రాసినది ఇందుకే. పూత వాన ఒక యేడు రాదు, ఒక యేడు కోతలలో కురియును. కోతపని యంతయు స్త్రీల చేతులమీదనే నడచుచున్నను, పట్టాలలోను సంఘముల పుస్తకములలోను వారి పేరు అంతగా కనిపించదు.

ఇప్పుడు మన విద్యార్థి ప్రశ్నకు వత్తము. పల్నాటిలో కాఫీ వేయరాదా? రాదు. అరబికాకు 15 నుండి 25 డిగ్రీల చల్లదనము, కొంచెము పుల్లని నేల, పూతకు వేళకు వాన కావలెను. మాచర్ల, గురజాల పట్టణములు రెండువందల మీటర్ల ఎత్తునైనను అందుకొనవు. రెంటచింతలలో వేసవి 45 డిగ్రీలు దాటుట వింత కాదు. మన నేల సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకును, మాచర్ల నాపరాళ్ళకును అది పేరు తెచ్చినదిగాని, కాఫీ వేరునకు అది విషము. ఎవరైనను పథకము వేసి ఇచ్చట కాఫీ నాటింపబూనినచో, ఆ ధనము ఎత్తిపోతల జలపాతములో పోసినట్లే.

కాని కాఫీ అచ్చట చేసిన పనిని ఇచ్చట చేయగల చెట్టు ఏది? ప్రశ్నను ఇట్లు మార్చినచో జవాబు దొరకును. ఆ పని యేమి? చెట్టు బ్రతికియున్నంతవరకే ఆదాయము, నిప్పు తగిలిన నష్టము, ఊరివారందరికిని అందులో పాలు. ఈ మూడు గుణములను చేత పట్టుకొని మన కొండలను చూడవలెను.

తునికాకు మన అడవి సరుకే. అయితే లేతాకు బాగుగా రావలెనని వేసవి ముందు తుప్పలకు నిప్పు పెట్టు అలవాటు అనేక చోట్ల ఉన్నది. కాబట్టి అడవి సరుకన్నంత మాత్రమున అది అడవిని కాపాడదు. తపసి చెట్టు అట్లుగాక, కాఫీ వంటిది. నల్లమల రాతివాలులలో, మరేదియు నిలువని చోట, తెల్లని కాండముతో అది నిలుచును. దాని బంకను చెంచులు సేకరింతురు. మందులలోను ఆహార పదార్థములలోను అది వాడబడుచున్నది. గిరిజన సహకార సంస్థ కొనుచున్నది. పూర్వము గొడ్డలితో లోతుగా నరికి బంక తీసినందున చెట్లు చచ్చినవి. బెరడుపై చిన్నగాటు మాత్రమే పెట్టి, గాయము మానునంతవరకు విరామమిచ్చు పద్ధతిని తరువాత నేర్పినారు. చెట్టును బ్రతికినది, బంకయు శుభ్రముగా వచ్చినది. వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు చెంచు గూడెములకు సమీపమున తపసి మొక్కలను నాటి, వాటిపై హక్కును ఆ గూడెమునకే వ్రాసి ఇచ్చినచో, వేసవి మంటలకు కాపలా ఎవరుందురో వేరుగ చెప్పనక్కరలేదు.

కొండ దిగువ మేకల మేత ఎక్కువగనున్న చోట సీతాఫలము మేలు. దాని ఆకును మేక ముట్టదు. కంచె లేకయే బ్రతుకును, వానాకాలము చివర పండు ఇచ్చును. కానుగయు పశువులు అంతగా తినని చెట్టే. పైగా వేరుబుడిపెలలో నత్రజనిని నిలిపి నేలను బాగుచేయును. వాగు ఒడ్డున నల్లమద్ది, చేని గట్టున చింత. ఇవి యన్నియు మనవారికి తెలిసిన చెట్లే, పారిస్ నగరమున దుకాణము తెరువదగినవి కావు. సంతలో అమ్ముడుపోవునవి, అంతే చాలును. అయితే సీతాఫలము కోసిన రెండు మూడు రోజులకే మెత్తబడును. ఇచ్చటనే మరల సంఘము కావలెను. విడిగా గంపతో రోడ్డుమీద నిలిచిన స్త్రీకి లారీవాడు చెప్పినదే ధర. పది ఊళ్ళు కలిసి గుజ్జు తీసి నిలువచేయు చిన్న యంత్రము పెట్టుకొన్నచో ధర వారిది.

అడవిలో ఊరివారికి పాలు ఇచ్చుట మన రాష్ట్రమున క్రొత్త కాదు. 1988 జాతీయ అటవీ విధానము పిమ్మట, 1992లో వన సంరక్షణ సమితులు ప్రారంభమైనవి. నిధులు ఉన్నన్నాళ్ళు కదలి, నిధులు ఆగగానే రిజిష్టరు పుస్తకములకు పరిమితమైన సమితులు ఎన్నో. అవి చెడుటకు కారణము గ్రామస్థుల సోమరితనమని కొందరందురు, మేము అంగీకరింపము. మొక్క నాటినందుకు కూలి ఇచ్చినారుగాని, పెరిగిన చెట్టుపై నమ్మదగిన హక్కును చేతికి ఇచ్చినది తక్కువ. 2006 అటవీ హక్కుల చట్టము వ్యక్తికేగాక, గ్రామ సభకును సామూహిక హక్కులను ఇచ్చుచున్నది. చెంచులవంటి అడవిజనమునకు ఇది నేరుగ వర్తించును. ఇతర గ్రామస్థులకు మూడు తరముల నివాసమును నిరూపించు షరతు గలదు. ఈ చట్టమును చదివి, తమ గ్రామములో దరఖాస్తు వ్రాయగల విద్యార్థి ఒక్కడున్నను ఆ ఊరికి అది చిన్న సాయము కాదు. నల్లమలలో కొంతభాగము నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యము గనుక అక్కడ నియమములు వేరు. మేము చెప్పునది దాని వెలుపలి వాలులను గూర్చి, ఊరి బంజరులను గూర్చి.

సాగరు కుడికాలువ దిగువ పల్నాటిని మిరప, ప్రత్తి, వరి చేలుగా మార్చినది. కాలువ ఎక్కని ఎగువ భూములకు మాత్రము వాననీరే గతి. ఆ వాననీరు నిలువవలెనన్న పైన చెట్టుండవలెను. కాబట్టి మన విద్యార్థి అడిగినది తన చేనిని గూర్చియే.

కళాశాల పాలక సంఘమువారికి మేము ఒక చిన్న విన్నపము చేయుచున్నాము. కళాశాల వెనుక రాళ్ళు తేలిన ఖాళీ స్థలమున్నది. దానిలో ఒక మూల నర్సరీకి ఇచ్చినచో, తపసి, కానుగ, సీతాఫలము, నల్లమద్ది గింజలను ఈ వేసవి సెలవులలో విద్యార్థులే తమ ఊళ్ళనుండి తెచ్చెదరు. సంచులకు, నీటితొట్టికి అగు ఖర్చు అంచనా విడిగా సమర్పించినాము. మొదటి వానలకు మొక్కలు సిద్ధమైనచో, ప్రశ్న అడిగిన విద్యార్థి ఊరి వాలుకే మొదటి బండి పంపవలెనని మా తరగతిలో ఇదివరకే నిర్ణయమైనది.